గుండె వార్డులో నడక

ముప్పై ఒక్క ఏళ్లు నేను చేసిన ఉద్యోగం ఒక్క ముక్కలో చెప్పాలంటే, గుండె దెబ్బతిని మంచమెక్కిన మనుషుల్ని కిందికి దించి నడిపించడం. కాగితం మీద నా పేరు పక్కన ఫిజియోథెరపిస్టు అని ఉండేది. గుంటూరు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ఆ మాట నోరు తిరగదు. “నడిపించే మేడమ్ ఎక్కడుంటారు?” అని అడిగేవాళ్లు. నాకు ఆ పేరే నచ్చింది.

ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చిలో ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఫిజియోథెరపీ చివరి సంవత్సరం చదువుతోంది. గుండె విభాగంలో చేరమంటున్నారట. మోకాళ్లూ నడుములూ అయితే చేసిన పని కంటికి కనిపిస్తుంది, గుండె దగ్గర మనం చేసేదేముంటుంది ఆంటీ అని అడిగింది. నిలబడి పది నిమిషాల్లో చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు సీనియర్‌నయ్యాను అన్నవి ఇందులో ఉండవు. నేను చేసిన రెండు తప్పులుంటాయి. వాటి వల్లే ఈ పని నేర్చుకున్నాను.

నడిస్తే లోపల ఏం జరుగుతుంది

మనిషి నడుస్తున్నప్పుడు కాలి కండరాలకు ఆక్సిజన్ కావాలి. ఊపిరితిత్తులు గాలిలోంచి దాన్ని తీసుకుంటాయి. రక్తం మోసుకెళ్తుంది. ఆ రక్తాన్ని గుండె తోస్తుంది. చివరికి కండరం అందుకుని వాడుకుంటుంది. లారీ నుంచి గోడౌను దాకా నలుగురు వరసగా నిలబడి బస్తా అందుకుంటారు చూడండి, అలాగే. నలుగురిలో ఎవరు నీరసపడ్డా వరస ఆగిపోతుంది, మనిషికి ఆయాసం వస్తుంది.

నడక, సైకిలు, ఈత, నెమ్మదైన పరుగు, వీటన్నిటినీ కలిపి ఎరోబిక్ వ్యాయామం అంటారు. పెద్ద కండరాలు ఒకే లయలో, ఆగకుండా, కొంతసేపు కదలాలి. అంతే దాని సంగతి. రోజూ చేస్తే కొన్ని వారాల్లో వరస మొత్తం గట్టిపడుతుంది. గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు ఎక్కువ రక్తం తోస్తుంది కాబట్టి అదే పనికి తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. కండరంలో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. వచ్చిన ఆక్సిజన్‌ను కండరం బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. రక్తనాళాలు సడలి బీపీ దిగుతుంది. రక్తంలోని చక్కెరను కండరాలు లాక్కుంటాయి కాబట్టి షుగరు అదుపులోకి వస్తుంది. నిద్ర పడుతుంది.

ఇవి మీరు చదివినవే. చదవనిది ఒకటుంది. గుండెపోటు వచ్చిన మనిషి తన ఒంటిని తానే నమ్మడు. స్నానానికి లేచినా చెయ్యి ఛాతీ మీదికి పోతుంది. నిన్న ఐదు నిమిషాలు నడిచాను, ఏమీ కాలేదు. ఇవాళ ఆరు నిమిషాలు నడిచాను, ఇప్పుడూ ఏమీ కాలేదు. ఇలా తన కళ్లతో తాను చూసుకుంటేనే ఆ భయం పోతుంది. మన పనిలో సగం అదే. ఏ రిపోర్టులోనూ అది కనిపించదు.

ఇంకొక మాట. మాత్రలు చేసే పని నడక చేయదు. మాత్రలు మానేసి నడుస్తున్నానని గొప్పగా చెప్పినవాళ్లను నేను మంచం దిగనివాళ్ల కంటే ఎక్కువ తిట్టాను.

మాస్టారు పడిపోయారు

చేరిన మూడో సంవత్సరం. సత్తెనపల్లి నుంచి వెంకటేశ్వర్లు మాస్టారని, రిటైరైన హెడ్మాస్టరు, బైపాస్ ఆపరేషన్ అయ్యాక మా దగ్గరికి వచ్చేవారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, టైముకి ఐదు నిమిషాల ముందే కుర్చీలో కూర్చుని ఉండేవారు. నేను ఏం చెబితే అది చేసేవారు. అలాంటి పేషెంటు దొరికితే ఎవరికైనా హుషారే.

మా గదిలో గోడకు ఒక చార్టు ఉండేది. ఏ వయసువాళ్లకు వ్యాయామంలో నాడి ఎంత దాకా పెరగాలో అందులో గీతలు గీసి ఉండేవి. ఆ రోజు మాస్టారిని ట్రెడ్‌మిల్ ఎక్కించాను. చార్టు ప్రకారం ఉండాల్సిన దానికంటే నాడి చాలా తక్కువగా ఉంది. ఇంకా శ్రమ చాలలేదనుకుని వేగం పెంచాను. నాడి కదల్లేదు. మళ్లీ పెంచాను. నా కళ్లు తెర మీద అంకె మీదే ఉన్నాయి. ధబ్‌మని చప్పుడయ్యాకే మనిషి వైపు చూశాను. మాస్టారు పక్కకు ఒరిగి, నుదురు ఇనుప కడ్డీకి కొట్టుకుని, కింద పడి ఉన్నారు. పెదాలు పాలిపోయాయి. చొక్కా మీద రక్తం.

మా పెద్ద డాక్టరు భాస్కరం గారు పరుగున వచ్చారు. ఈసీజీ తీయించారు, నుదుటికి కుట్లు వేయించారు, మళ్లీ వార్డులో చేర్చారు. అంతా అయ్యాక నన్ను పిలిచి కేస్‌షీటు ముందు పెట్టి ఒక మాత్ర పేరు మీద వేలు పెట్టారు. గుండె వేగాన్ని పెరగనీయకుండా పట్టి ఉంచే మాత్ర అది. అది వేసుకునే మనిషి ఎంత అలసిపోయినా నాడి ఆ చార్టులో గీత దాకా పోదు. చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

“గోడ మీద చార్టు చూశావు. ఆయన మొహం చూశావా?” అన్నారు డాక్టరు గారు.

చూడలేదన్నాను. బయట మాస్టారి భార్య కూర్చుని ఉన్నారు, జరిగింది నువ్వే వెళ్లి చెప్పు అన్నారాయన. వెళ్లి చెప్పాను. అంతకంటే పొడవైన వరండాలో నేనెప్పుడూ నడవలేదు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

మూడో రోజు మాస్టారి మంచం దగ్గరికి వెళ్లి, కళ్లు తిరుగుతున్నప్పుడు ఆపమని ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను.

“నువ్వు ఆపమంటే ఆగుదామనుకున్నానమ్మా,” అన్నారాయన. “నేర్పేవాళ్లు చాలనేదాకా నేర్చుకునేవాడు మానకూడదని జీవితమంతా పిల్లలకి చెప్పినవాణ్ణి.”

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. నడిపించేటప్పుడు పేషెంటు పక్కనే నేనూ నడుస్తూ మాట్లాడించేదాన్ని. ఊరు, పంట, పిల్లలు, ఏదైనా సరే. మాట తెగకుండా చెప్పగలగాలి, అదే పాట పాడమంటే మాత్రం ఊపిరి చాలకూడదు. అదీ సరైన వేగం. మాట మధ్యలో తెగితే తగ్గించాలి. ఆగిపోవడం తప్పు కాదని మొదటి రోజే నోరు విప్పి చెప్పాలి. బుద్ధిమంతులకు మరీ చెప్పాలి. ఇప్పుడు మీ చేతులకు నాడి చూపించే గడియారాలు వచ్చాయి. మంచివే. అది చూశాక మాత్రం తలెత్తి మనిషి మొహం చూడండి.

మాస్టారు మళ్లీ వచ్చారు. రారనుకున్నాను. ఆరు వారాలు నా పక్కన నడిచి, నడక సరిగా పట్టుబడ్డాకే రావడం మానారు.

టిక్కీలు మోసిన మనిషి

రెండో తప్పు రిటైర్మెంటుకి పదేళ్ల ముందు జరిగింది. అప్పటికి నాకు పని బాగా వచ్చని పేరు. నేనూ నమ్మాను.

మస్తాన్‌వలీ నల్లపాడు మనిషి. మిర్చి యార్డులో హమాలీ. టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, ముప్పై ఏళ్లుగా మోస్తున్నాడు. సీజను మధ్యలో యార్డులోనే ఛాతీ పట్టుకుని కూలబడితే తోటి హమాలీలు ఆటోలో వేసుకొచ్చారు. స్టెంటు వేశారు, బతికాడు. ఇంటికి పంపేటప్పుడు మెల్లగా నడవడం మొదలుపెట్టమని చెప్పారు. ఆ ఇంట్లో ఎవరికీ ఆ మాట వినిపించలేదు, గుండె అన్న మాట ఒక్కటే వినిపించింది. అతని భార్య జాన్‌బీ అతన్ని మంచం దిగనివ్వలేదు. మంచినీళ్లు కూడా నోటికే అందించింది. ఆరు వారాల తర్వాత ఆసుపత్రికి వచ్చినప్పుడు, అంతటి మనిషి పది మెట్లు ఎక్కలేక గోడ పట్టుకున్నాడు. పరీక్షలన్నీ చేసి, గుండె బాగానే పనిచేస్తోంది, ఒళ్లే పని మరిచిపోయింది, నడిపించమని భాస్కరం గారు నా దగ్గరికి పంపారు.

అతను అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది.

“పొద్దుగూకులూ బస్తాలు మోసేవోడికి గుండె జబ్బేంటమ్మా? ఏసీలో కూర్చునే షావుకార్లకి రావాలిగానీ.”

కూలిపని చేసేవాళ్లందరూ అడిగే ప్రశ్న ఇది. కొట్టిపారేయకండి, న్యాయమైన ప్రశ్న. అతనికి నేను చెప్పింది ఇది. బస్తా ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి ఒక్కసారి బలం పెడతావు, ఆ క్షణంలో బీపీ ఎగదన్నుతుంది. దించాక కూర్చుంటావు, బీడీ ముట్టిస్తావు. మళ్లీ లేచి బలం పెడతావు. దానివల్ల చేతులూ వీపూ గట్టిపడతాయి. గుండెకు కావలసింది ఒకే తీరుగా, ఊపిరి ఆడుతూ, ఆగకుండా సాగే పని. అదీగాక అన్నేళ్ల బీడీలు రక్తనాళాలను పాడుచేస్తాయి, మోసిన బస్తాలు వాటిని బాగుచేయలేవు.

తనను ఆసుపత్రికి తీసుకొచ్చిన రోజే బీడీలు మానేశానన్నాడు. నిజమే చెప్పాడు.

జాన్‌బీ మాత్రం తలుపు దగ్గర నిలబడి ఒప్పుకోలేదు. “నడిపిస్తారు సరే. దారిలో ఏమన్నా అయితే?” అంది. అలా అయితే మీరే అతని పక్కన నడవండి, మాట తెగితే ఆపండి అన్నాను. కాపలా మనిషి చేతికే పని అప్పగించడం మంచి ఉపాయమని నా నమ్మకం. ఆసుపత్రి వరండాలో రెండు వారాలు నేర్పి ఇంటికి పంపాను. రోజూ పొద్దున నమాజు అయ్యాక ఇద్దరూ ఇంటి నుంచి నల్లపాడు రైల్వేస్టేషను దాకా వెళ్లి రావాలి. మొదట పది నిమిషాలు, తర్వాత వారం వారం కాస్త పెంచుకుంటూ పోవాలి. పదిహేను రోజులకొకసారి వచ్చి నాకు కనిపించాలి.

మస్తాన్‌వలీ పట్టుదల మనిషి. రెండు నెలలు తిరిగేసరికి అవే మాత్రలు వేసుకుంటూ, అవే మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కాడు. నాకు గర్వంగా అనిపించింది. ఆ రోజు నవ్వుతూ ఒక ఫిర్యాదు చేశాడు. “నేను ఇంకా నడుస్తానమ్మా. ఈవిడే చెప్పు సరిచేసుకుంటానని మాటిమాటికీ ఆగిపోద్ది.”

నేను జాన్‌బీ వైపు తిరిగి, మీరు కూడా గట్టిగా నడవాలి, ఒళ్లు తగ్గుతుంది అన్నాను. సరదాగానే అన్నాను. ఆమె కొంగు సర్దుకుంది.

జాన్‌బీ

ఆ తర్వాత పదో రోజు ఉదయం, నేను గది తాళం తీస్తుండగా ఒక ఆటో వచ్చి ఆగింది. అత్యవసర విభాగం ముందు కాదు, మా గది ముందు. మస్తాన్‌వలీ భార్యను రెండు చేతుల మీద ఎత్తుకుని దిగాడు. బరువులు ఎత్తకూడదని మేం పదేపదే చెప్పిన మనిషి. స్టేషను దగ్గర పడిపోయిందట. ఆసుపత్రిలో అతనికి తెలిసిన తలుపు నాదొక్కటే.

బల్ల మీద పడుకోబెట్టాం. నాడి పరుగెడుతోంది. నర్సు కింది కనురెప్ప దించింది. లోపల ఎర్రదనం అన్నదే లేదు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గోళ్లూ అంతే. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. వరసలో నలుగురు అని మొదట్లో రాశాను. ఆమె ఊపిరితిత్తులు బాగున్నాయి, గుండె బాగుంది, కాళ్లు బాగున్నాయి. మోసుకెళ్లాల్సిన రక్తమే లేదు. ఉన్న కాస్త రక్తాన్నే గుండె పదేపదే తిప్పి తిప్పి తోస్తోంది. అలాంటి మనిషికి నేను గట్టిగా నడవమని చెప్పాను.

స్త్రీల డాక్టరు వచ్చి అడిగితే మెల్లగా చెప్పింది. మూడేళ్లుగా నెలలో సగం రోజులు రక్తస్రావమట. గర్భసంచిలో గడ్డలున్నాయని పరీక్షలో తేలింది. ఎవరికీ చెప్పలేదు. మొదట సిగ్గుపడి చెప్పలేదు, తర్వాత భర్తకు గుండెపోటు వచ్చింది.

“ఆయన ప్రాణం మీదికొచ్చి ఉంటే, నా గోల చెప్పుకునేదా మేడమ్?” అంది.

ఒళ్లు తగ్గుతుందన్న మాటకు క్షమించమన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, మీరు చెప్పారనే ఆగకుండా నడిచి చూశానంది. నిందగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండు నెలల పైనే ఆమె నా కళ్లెదుట నిలబడింది. అతని నాడి చూశాను, బీపీ చూశాను, నిమిషాలు లెక్కపెట్టాను. పక్కనున్న మనిషి కంటి రెప్ప దించడానికి రెండు క్షణాలు చాలు. ఆడవాళ్లు నడుస్తూ నడుస్తూ చెప్పు సరిచేసుకుంటున్నారంటే, ఊపిరి అందక ఆగుతున్నారేమో చూడాలని నాకు అప్పటిదాకా తెలియదు. మా అమ్మ మిరప కోతలకు పోయేది. మొక్కల చాలు మధ్యలో ఆగి తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకునేది. అది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

కాగితంలో లేని పని

జాన్‌బీకి రక్తం ఎక్కించారు, ఐరన్ ఇచ్చారు, కాస్త కోలుకున్నాక గర్భసంచి ఆపరేషన్ చేశారు. ఆమె వార్డులో ఉన్నప్పుడే నేను భాస్కరం గారి దగ్గరికి వెళ్లాను. పేషెంటుతో నడవడానికి ఎవరు వచ్చినా వాళ్లను కూడా పరీక్షించి, ఆరు నిమిషాలు నడిపించి చూస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. వాళ్ల పేరున చీటీ ఉండదు, మన విభాగం పని కాదు, ఉన్నవాళ్లకే టైము చాలడం లేదు అన్నారు. అన్నీ నిజాలే.

భాస్కరం గారు గొప్ప వైద్యుడు. మంచం మీదున్న మనిషి గురించి ఆయనకు తెలియనిది లేదు. మంచం పక్కన నిలబడ్డ మనిషిని మాత్రం ఎప్పుడూ చూసేవారు కాదు. మాస్టారి విషయంలో నా కళ్లు తెరిపించిన ఆయన దగ్గర ఈ లోపం చెప్పడానికి నాకు భయం వేసింది. అయినా చెప్పాను.

“మాస్టారి మొహం చూశావా అని అప్పట్లో అడిగారు సార్. జాన్‌బీ మొహం మనిద్దరం చూడలేదు.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సరేననలేదు, వద్దనీ అనలేదు. మర్నాటి నుంచి నేను మొదలుపెట్టాను. అరగంట ముందు వచ్చేదాన్ని. భార్యలు, కోడళ్లు, అన్నలు, ఎవరు తోడొస్తే వాళ్లను కూర్చోబెట్టి కనురెప్ప, నాడి, బీపీ చూసి, తర్వాత పేషెంటుతో పాటు నడిపించేదాన్ని. కొందరు విసుక్కున్నారు. ఒకాయన, జబ్బు మా అన్నకైతే నన్ను పట్టుకుంటారేంటని కేకలేశాడు. అతనికి బీపీ ఎంతుందో చెప్పాక కూర్చున్నాడు. రక్తం లేక కాళ్లు ఈడ్చుకుంటూ నడిచే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో అప్పుడు తెలిసింది. వాళ్లందరినీ ఇంట్లోవాళ్లు బద్ధకమనో లావనో అనుకుంటున్నారు. ముందు రక్తం, తర్వాత నడక. ఈ వరస మార్చకండి.

కొన్నాళ్లకు రౌండ్స్‌లో భాస్కరం గారు ఒక పేషెంటుకి మందులు రాస్తూ, పక్కన ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ అతని భార్యను దగ్గరికి పిలిచి కింది రెప్ప దించి చూశారు. నా వైపు చూడలేదు. నాకది చాలు.

పేరేచర్ల దారి

ఆపరేషన్ అయ్యాక స్త్రీల డాక్టరు సరేనన్న రోజు నుంచి జాన్‌బీ నడక మొదలుపెట్టింది. ఈసారి ఆమె పేషెంటు, మస్తాన్‌వలీ తోడు. ఐదు నిమిషాలతో మొదలు. అతను తన వేగం తగ్గించుకుని వారాల తరబడి ఆమె అడుగుకు అడుగు కలిపాడు. యార్డులో మళ్లీ టిక్కీలు ఎత్తడానికి మేం ఒప్పుకోలేదు. అతనికి అది చాలా కష్టమనిపించింది, కొన్నాళ్లు మాతో మాట్లాడలేదు. చివరికి బస్తాలు తూచే కాటా దగ్గర పని చూసుకున్నాడు. అన్నీ మొదట్లాగే అవుతాయని పేషెంటుకి ఎప్పుడూ చెప్పకండి. అవ్వవు.

ఏడెనిమిది నెలలు గడిచాక ఒకరోజు పొద్దున, వాళ్ల నడక చూద్దామని నేను నల్లపాడు వెళ్లాను. చలి వెళ్లిపోతున్న రోజులు. స్టేషను దాకా వెళ్లి ఎప్పటిలా మస్తాన్‌వలీ వెనక్కి తిరిగాడు. జాన్‌బీ తిరగలేదు. పేరేచర్లలో వాళ్ల అక్క ఉందని, నడిచి వెళ్దామని అంది. దూరం కదా అని అతను నసిగాడు. ఆమె నా మొహం చూసింది. వాళ్లిద్దరి నాడీ చూసి, మెల్లగా వెళ్దాం, దారిలో రెండుసార్లు కూర్చుందాం, నేనూ వస్తానన్నాను.

రోడ్డు పక్క చేలల్లో పత్తి తీసేశారు, మోళ్లు మిగిలాయి. కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటుకి మస్తాన్‌వలీకి దగ్గు వచ్చింది. ఆగి, నీళ్లు తాగి, మళ్లీ నడిచాం. జాన్‌బీ మాట్లాడుతూనే ఉంది. అక్క పెళ్లి, అక్క కోపాలు, మూడేళ్లుగా తను వెళ్లలేకపోతే గర్వమనుకుని అక్క మాటలు మానేసిన సంగతి. రెండో సగంలో నా మోకాలు నొప్పెట్టింది. చెప్పలేదు. బుద్ధిమంతులకు చెప్పిన సలహా నేనే పాటించలేదు.

వాళ్ల అక్క వాకిట్లో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతోంది. చెల్లెల్ని చూసి చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కోపం గుర్తుకు తెచ్చుకుని, పలకరింపుకి బదులు రోడ్డు వైపు చూసి అడిగింది.

“ఏ బండిలో వచ్చావే?”

“నడిచొచ్చాను,” అంది జాన్‌బీ.

అక్క నా వైపు, మస్తాన్‌వలీ వైపు చూసింది. మేమిద్దరం అరుగు మీద కూలబడి ఆయాసపడుతున్నాం. జాన్‌బీ ఇంకా నిలబడే ఉంది.